మూడు చుక్కలు, ఒక వంకర గీత

ఫిబ్రవరి 3

పెద్దత్తకి, నీ మేనల్లుడి విప్లవాభివందనాలు.

కాన్పుల వార్డులో నీకు ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదని తెలుసు. అయినా ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. మనింట్లో రివాల్వరు దొరికింది.

అటక మీది పాత సామాను దించుతుంటే, నాయనమ్మ పనిముట్ల పెట్టె అడుగున, నూనెగుడ్డలో చుట్టి ఉంది. చిల్లుపడ్డ గిన్నెలకి మాట్లు వేసుకునే ఆవిడ పెట్టెలో ఎవడు వెతుకుతాడు చెప్పు? తాతయ్య బుర్రే బుర్ర! నాన్నని అడిగితే "నేనప్పుడు ఉయ్యాల్లో ఉన్నాను, నాకేం తెలుసు" అన్నాడు. ఆయన ఇంకా ఉయ్యాల దిగలేదని నా అభిప్రాయం.

కంగారు పడకు, పోలీసులకి చూపించాను. గొట్టం మూతిలో ఏదో లోహం బిగుసుకుపోయి ఉంది. ఎస్సై దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "దీంతో మేకులు కొట్టుకోవచ్చు, తీసుకుపో" అని కాగితం రాసిచ్చాడు. ఒక మహత్తర ఆయుధం గురించి రాజ్యం అభిప్రాయం అది.

ఇప్పుడు అసలు సంగతి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే భూతద్దం అడిగి తెచ్చి, దాని ఒళ్లంతా చూశాను. గుడ్డు ఆకారం గీతలో మూడు అక్షరాలు, దాని మీద కిరీటం. పక్కనే ఒక అక్షరం, దాని నెత్తిన నక్షత్రం. నక్షత్రం, అత్తా! పిడి అడుగున పళ్లచక్రం బొమ్మ. ఇక గొట్టం మూతిలో, ఆ బిగుసుకున్న లోహం మీద, మూడు చుక్కలూ, వాటి కింద ఒక వంకర గీతా. మసి పట్టి ఉన్నాయి, భూతద్దం లేకపోతే కనపడవు. మూడు చుక్కలంటే ముగ్గురు అమరులు. వంకర గీత కొడవలి. ఇంతకంటే స్పష్టంగా ఎవరు రాస్తారు?

నా చదువు నీకు తెలిసిందే. ప్రెస్సులో కరపత్రాలు మడతపెడుతూ చదివిన చదువు. మడవని కాగితంలో ఒక పక్క ఒకటో పేజీ, నాలుగో పేజీ కనపడతాయి, రెండూ మూడూ వెనక్కి పోతాయి. తిప్పి చూసే లోపల యజమాని కేకేస్తాడు. అందుకని నా సిద్ధాంతానికి మొదలూ చివరా గట్టిగా ఉంటాయి, మధ్యలో కొంచెం ఖాళీ. అయినా నక్షత్రాన్ని గుర్తుపట్టడానికి ఒకటో పేజీ చాలు.

మిల్లు కార్మికుల పఠన మందిరం వచ్చే నెల తెరుస్తున్నాం. కార్యదర్శిని నేనే (నేను రాని రోజున ఎన్నిక జరిగింది). గోడకి తాతయ్య ఫోటో పెట్టేశాం. కాలనీ అంతా ఆయన్ని "తుపాకీ తాత" అనేవాళ్లు కదా, ఎందుకో ఇప్పుడు తెలిసింది. రివాల్వరుని అద్దాలపెట్టెలో పెట్టి, అది ఎక్కడ పుట్టిందో, ఎవరు చేశారో, ఏ దళానిదో కింద చీటీ రాసి అంటిస్తానని కమిటీకి మాటిచ్చాను. తాతయ్య ఏ దళంలో ఉండేవాడు? వెంటనే రాయి.

ఉద్రేకం ఎక్కువై చెంబెడు నీళ్లు తాగి ఈ ఉత్తరం ముగిస్తున్నాను.

నీ అగ్గిపుల్ల


ఫిబ్రవరి 11

ఒరేయ్ అగ్గిపుల్లా,

ఆశీస్సులు. కూర్చునే చదివాను. లేచేసరికి ఒక పిల్ల పుట్టేసింది, నా కోసం ఆగలేదు.

ఆ వస్తువుని ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టు. అద్దాలపెట్టె వద్దు, చీటీ వద్దు. మీ తాతయ్య ఏ దళంలోనూ లేడు. ఆయనకి గుంపంటేనే పడేది కాదు, పెళ్లిలో కూడా గుమ్మం దగ్గరే నిలబడేవాడు. ముద్రల గోల నీకెందుకు? నీ వయసులో భూతద్దం పెట్టుకుని చూడాల్సినవి వేరే ఉంటాయి. ప్రెస్సు ఎదురింటి టైపిస్టు అమ్మాయి గురించి మీ అమ్మ రాసిందిలే.

నీళ్లు తాగానన్నావు. ఆ ఇత్తడి చెంబేనా? పాతదైపోయిందని మీ అమ్మ దాన్ని పాత సామాన్లవాడికి వేసేయగలదు. వేయనివ్వకు.

మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. మిగతా అంతా బాగానే ఉంది.

పెద్దత్త


ఫిబ్రవరి 18

పెద్దత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అర్థమైంది. ఇన్నేళ్లయినా నువ్వు గోప్యత పాటిస్తున్నావు! "ఏ దళంలోనూ లేడు" అని రాసిన తీరులోనే తెలిసిపోతోంది. లేనివాడి గురించి ఎవరైనా అంత గట్టిగా చెబుతారా? చెంబు మాట తేవడం కూడా మాట మార్చే ఎత్తే. నీ క్రమశిక్షణకి నా జోహార్లు. (టైపిస్టు గురించి అమ్మ రాసింది అబద్ధం. ఆవిడ నన్ను ఒక్కసారే పలకరించింది, అదీ "కొంచెం పక్కకి జరగండి" అని.)

నువ్వు చెప్పకపోతే లోకం గొడ్డుపోలేదు. లైసెన్సున్న తుపాకుల మరమ్మతు దుకాణానికి వెళ్లాను. ఆ పెద్దమనిషి నన్ను చూడగానే తన జీవితచరిత్ర మొదలుపెట్టాడు. ఎంతమంది జమీందార్ల తుపాకులు బాగుచేశాడో అన్నీ విన్నాక రివాల్వరు చేతిలోకి తీసుకుని, "ఇదా!" అన్నాడు, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చనివాడిలా.

విను, ఏడవకు. గుడ్డు ఆకారం, కిరీటం ఏ దళానివీ కావట. దూరదేశంలో తుపాకులు చేసే ఊరొకటి ఉందట. అక్కడ తయారైన ప్రతి తుపాకీనీ అమ్మేముందు ఒక పరీక్షశాలలో ఎక్కువ మందు కూరి పేల్చి చూస్తారట. పగలకపోతే ఆ ముద్ర. మరి నక్షత్రం ఎవరిదని అడిగాను. "అది తనిఖీ చేసిన గుమాస్తా గుర్తు బాబూ" అన్నాడు. "నక్షత్రం గుమాస్తాదా?" అని అరిచాను. "గుమాస్తాలకి మాత్రం నక్షత్రం ఉండకూడదా?" అన్నాడు. ఒకటో పేజీలో దీనికి జవాబు లేదు.

చేసినవాడి పేరు ఎక్కడా లేదు. పేరున్న కంపెనీ నమూనా చూసి, ఇళ్లలో గొట్టం ఒకరూ పిడి ఒకరూ చేసి, కలిపి చవగ్గా అమ్మిన నకలు సరుకట. నా సిద్ధాంతం కూడా అలాగే తయారైంది కాబట్టి దాని మీద నాకు గౌరవం తగ్గలేదు.

కానీ పిడి అడుగున పళ్లచక్రం ఉందే, అది చూసి ఆయన "ఇది మీ ఊరి మిల్లు గుర్తు కాదూ? బస్తాల మీద చూశాను" అన్నాడు. అత్తా, విన్నావా? మిల్లు యజమానుల తుపాకీ! అది తాతయ్య చేతికి ఎలా వస్తుంది? లాక్కుంటేనే వస్తుంది! ఉయ్యాల్లో నాన్న, గేటు దగ్గర సమ్మె, యజమాని చేతిలోంచి తుపాకీ లాక్కున్న తాతయ్య. గొట్టంలో బిగుసుకున్నది సీసమట, కక్షకొద్దీ వాళ్లే పోసేసి ఉంటారు. మూడు చుక్కల ముద్ర మాత్రం "నా పుస్తకాల్లో లేదు" అన్నాడు. మన రహస్యం మన దగ్గరే ఉంది.

కరపత్రం నేనే రాశాను. శీర్షిక: "యజమాని చేతిలోంచి లాక్కున్న ఆయుధం". ఈసారి నాలుగు పేజీలూ నాకు తెలుసు. వచ్చే ఆదివారమే ప్రారంభోత్సవం. ముందుకి జరిపాం, ఆగలేక.

అగ్గిపుల్ల


ఫిబ్రవరి 23

ఒరేయ్,

అచ్చు వేయకు. వేసేస్తే పంచకు. లాక్కోలేదురా, ఇచ్చారు. మిల్లు వాళ్లే ఇచ్చారు. సమ్మె రోజుల్లో మీ తాతయ్య గేటు కాపలాదారు. ఇంతకంటే నన్ను అడగొద్దు. ఆ సభ ఆపు.

వార్డులోంచే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

పెద్దత్త


ఫిబ్రవరి 27

మేనత్త గారికి,

మీ ఉత్తరం చేరింది. సభ అయిపోయిన మర్నాడు చేరింది. "గారు" ఎందుకంటే మీ మీద కోపం వచ్చింది కాబట్టి.

జరిగింది చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, ఊరంతా ఆ పని చేసేసింది. కరపత్రం మొత్తం చదివాను, గొంతు పెంచి. "లాక్కున్నాడు!" అన్న చోట బల్ల గుద్దాను. అద్దాలపెట్టె మూత ఊడి కింద పడింది. అది శకునమని నమ్మను గానీ, నమ్మి ఉంటే అక్కడే కూర్చునేవాణ్ణి. అప్పుడు వెనక వరసలోంచి కండె తాత లేచాడు. మిల్లులో మగ్గం నడిపిన ముసలాయన, మీకు గుర్తుండే ఉంటాడు. కర్ర పట్టుకుని మెల్లగా ముందుకొచ్చి, రివాల్వరు చూసి, నన్ను చూసి అన్నాడు:

"బాబూ, దీన్ని నేను ఇంతకుముందు చూశాను. ఇటుపక్క నుంచి కాదు, అటుపక్క నుంచి. దీని నోరు నా గుండెకి ఎదురుగా ఉండేది. పట్టుకున్నది మీ తాత. మేనేజరు దాన్ని తీసుకోబోయినా వదల్లేదు, అంత ప్రేమ దానిమీద. తుపాకీ తాత అని ముద్దుకి పిలిచామనుకున్నావా? అది తిట్టయ్యా."

ఎవరూ నవ్వలేదు. అదే భరించలేకపోయాను. కాసేపటికి నవ్వారు. అది ఇంకా భరించలేకపోయాను.

మొత్తానికి నేను ఒక నౌకరుగాడి మనవణ్ణి. పెద్దవాణ్ణయ్యాక ఏదో ఒకటి కూలదోస్తానని అనుకునేవాణ్ణి. సొంత తాతనే కూలదోయాల్సి వస్తుందని కరపత్రాల్లో రాయలేదు, లేదా రెండో పేజీలో రాసి ఉంటారు. వచ్చేది కాక పై ఆదివారం కమిటీ కూర్చుంటోంది. తాతయ్య ఫోటో గోడ మీంచి దించాలని తీర్మానం పెడుతున్నాను, నేనే. రివాల్వరుని ఏట్లో పారేస్తాను. మీకు అంతా తెలుసు. తెలిసీ మోకాళ్ల నొప్పుల గురించి రాశారు.

ఇట్లు,
కార్యదర్శి


మార్చి 2

కార్యదర్శి గారికి,

తీర్మానం పెట్టే ముందు చెంబెడు నీళ్లు తాగు. తాగాక చెంబు బోర్లించి, అడుగున చూడు. భూతద్దం అక్కర్లేదు.

చెప్పనని మా అమ్మకి మాటిచ్చాను. చూపించనని ఇవ్వలేదు.

పెద్దత్త


మార్చి 5

అత్తా,

మళ్లీ "నువ్వు" అంటున్నాను. నాకు ఇంకెవరినీ తిట్టాలని లేదు, నన్ను తప్ప.

చెంబు అడుగున మాటు ఉంది. మాటు మీద మూడు చుక్కలు. వాటి కింద వంకర గీత.

పుట్టినప్పటి నుంచీ ఆ చెంబుతోనే తాగుతున్నాను. కోపం వచ్చినప్పుడల్లా దాన్నే ఎత్తిపట్టి తాగాను. అంటే ముగ్గురు అమరులూ కొడవలీ రోజుకి పదిసార్లు నా ముక్కు ముందే ఉన్నాయి. నేను మాత్రం దూరదేశాల ముద్రలు వెతుక్కుంటూ ఊరంతా తిరిగాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి ప్రతి గిన్నే బోర్లించాను. అమ్మ "చారు!" అని అరిచేలోపు చారు కూడా బోర్లింది. నాయనమ్మ మాటు వేసిన ప్రతిదాని మీదా అదే గుర్తు. వేరేవాళ్లు వేసిన మాటు కారితే తన మీదికి రాకుండా పెట్టేదని అమ్మ చెప్పింది. అమ్మకి తెలుసు! నేనెప్పుడూ అడగలేదట. గిన్నెల గురించి ఎవరైనా చెప్పినా నేను విననుగా.

రివాల్వరు పట్టుకుని మళ్లీ మరమ్మతు దుకాణానికి పరిగెత్తాను. అలా మూసుకుపోయిన గొట్టంలోంచి కాలిస్తే ఏమవుతుందని అడిగాను. ఆయన తన అరచెయ్యి చూపించి, దాన్ని గాల్లోకి ఎగరేసినట్టు చేశాడు. "కాల్చినవాడి చెయ్యి" అన్నాడు.

అంటే సీసం పోసింది నాయనమ్మ. కానీ తాతయ్యకి తెలుసా అత్తా? తెలియకుండా నిలబడ్డాడా, తెలిసి నిలబడ్డాడా? ఆదివారం లోపల నాకు అది తెలియాలి. తీర్మానం ఇంకా నా జేబులోనే ఉంది. చూపించనని మాటివ్వలేదన్నావు. చూశాను. ఇప్పుడు చెప్పడానికి నీకేం అడ్డు?

నీ అగ్గిపుల్ల (తడిసింది)


మార్చి 7

ఒరేయ్ నా తండ్రీ,

ఇది మనిషి చేతికిచ్చి పంపుతున్నాను, ఆదివారానికి అందాలని.

సమ్మె మొదలయ్యాక మిల్లు వాళ్లు మా నాన్న చేతికి ఆ తుపాకీ ఇచ్చి, తూటాలు మాత్రం రేపు గేటు దగ్గర ఇస్తామన్నారు. మధ్యాహ్నం భోంచేసి నాన్న పడుకున్నాడు. మా అమ్మ దాన్ని తీసి కొలిమి దగ్గర పెట్టింది. గేటు అవతల ఉండేవాళ్లందరూ ఆవిడకి గిన్నెలిచ్చేవాళ్లే. నేను తిత్తి ఊదాను. ఏమీ అడగలేదు, చిన్న మాటు అనుకున్నాను. సీసం కరిగించి మూతిలో పోసింది. ఆరాక మసి రాసింది, మెరవకుండా. అంత జాగ్రత్త పడిన మనిషి, మాటు పూర్తవగానే చేతి అలవాటుకొద్దీ గుర్తు గుద్దేసింది! దొంగపని చేసి సంతకం పెట్టింది మా అమ్మ ఒక్కతేరా. చూసుకుని నోటి మీద చెయ్యి వేసుకుంది. మళ్లీ మసి రాసింది.

ఇక అసలు భయం అప్పుడు మొదలైంది. ఈ మనిషి తెలియక కాలిస్తే? మర్నాడు పొద్దున క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది, నేను వెనకాల. చెవిలో చెప్పింది: "మూసేశాను. నొక్కితే నీ చెయ్యే పోతుంది." నాన్న మూతిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత "కూరలో ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. అంతే.

ఆ మధ్యాహ్నం మేనేజరు కాల్చమన్నాడు. నాన్న ఎత్తిపట్టుకుని, "చెయ్యి రావట్లేదయ్యా" అన్నాడు. నేను కాలుస్తా ఇటివ్వమని మేనేజరు మీదికొచ్చాడు. ఇస్తే ఏమవుతుంది? మేనేజరు చెయ్యి పోతుంది, మర్నాడు మా అమ్మ జైల్లో ఉంటుంది. అందుకని నాన్న దాన్ని పొట్టకి అదుముకుని వదల్లేదు. చెంపమీద కొట్టినా వదల్లేదు. అటుపక్క నుంచి చూసినవాళ్లకి అది తుపాకీ మీద ప్రేమలా కనపడింది. అలాగే దాంతో పరిగెత్తి ఇంటికొచ్చాడు. మిల్లు వాళ్లకి ఏట్లో పడిపోయిందని చెప్పాడు. ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత జన్మంతా అమ్మ తిత్తి మోసుకుంటూ ఆ వీధుల్లోనే తిరిగాడు, "తుపాకీ" అని పిలిపించుకుంటూ.

పెద్దయ్యాక నేనూ నీలాగే ఎగిరాను, అందరికీ చెప్పేస్తానని. నీ కోపం ఎక్కడిదనుకున్నావు? నాన్న అన్నాడు: "సీసం లేకపోతే నా వేలు ఏం చేసేదో నాకు తెలీదమ్మా. తెలియనిదానికి మెప్పు నేను తీసుకోను." అమ్మ అంది: "ఆయన తీసుకోనిది నాకొద్దు." అప్పుడు నా చేత మాట తీసుకున్నారు. ఇద్దరూ పోయారు. ఇవాళ మాట తప్పాను. తప్పితే తప్పాను, నువ్వు ఆయన్ని నీ చేత్తో గోడ మీంచి దించుతుంటే చూస్తూ ఊరుకోలేను.

తీర్మానం నీ ఇష్టం. నేను చెప్పినట్టు వినే రకం కాదు నువ్వు.

పెద్దత్త


మార్చి 10

పెద్దత్తా,

తీర్మానం పెట్టలేదు. ఉపన్యాసం కూడా ఇవ్వలేదు, కాలనీలో దీన్నే పెద్ద విజయంగా చెప్పుకుంటున్నారు.

రివాల్వరూ చెంబూ పక్కపక్కన బల్ల మీద పెట్టాను. చెంబు బోర్లించాను. భూతద్దం కండె తాతకిచ్చాను. ఆయన మూతిలోకి చూశాడు, చెంబు చూశాడు, మళ్లీ మూతిలోకి చూశాడు. నేను నీ ఉత్తరం చదివాను, గొంతు పెంచకుండా. "తెలీదమ్మా" అన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివాను. దానికి నా దగ్గర ఏ పేజీ లేదు. నాకు తెలిసిన కరపత్రాల్లో ప్రతి ఒక్కడికీ తను ఏం చేసేవాడో ముందే తెలుసు. నాకు కూడా తెలుసు అనుకునేవాణ్ణి.

కండె తాత లేచి వెళ్లిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాం. కాసేపటికి ఒక గిన్నె పట్టుకుని తిరిగొచ్చి, దాన్ని బోర్లించి చెంబు పక్కన పెట్టాడు. మూడు చుక్కలు, వంకర గీత. "దీని నోరు చూశానన్నాను గానీ, లోపలికి చూడలేదు బాబూ" అన్నాడు. "ఎదురుగా ఉన్నప్పుడు ఎవడు చూస్తాడు?" తర్వాత ఫోటో వైపు తిరిగి, "ఒరేయ్ తుపాకీ" అన్నాడు. ఈసారి ఎలా అన్నాడో నేను రాయలేను, నువ్వు ఉంటే వినేదానివి.

ఫోటో గోడ మీదే ఉంది. నాయనమ్మది ఒక్క ఫోటో కూడా లేదు కదా, ఆ చెంబుని అద్దాలపెట్టెలో పెడదామని కమిటీ అడిగింది. ఇవ్వనన్నాను. నా కోపానికి అదొక్కటే మందు. కండె తాత గిన్నె ఇచ్చాడు, ఇంట్లో కోడలు ఇంకా వెతుకుతోందట.

చీటీ పదిసార్లు రాసి చింపాను. మొదటిదాంట్లో "అమర", "మహత్తర" అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే చివరికి ఇది మిగిలింది. టైపిస్టు అమ్మాయి టైపు చేసి పెట్టింది. "బాగుంది" అంది. మొత్తం పలకరింపులు రెండు.

"రివాల్వరు. చేసినవారి పేరు తెలియదు.
పరీక్షించినవారు: దూరదేశపు గుమాస్తాలు. గుర్తులు, కిరీటం, నక్షత్రం.
పట్టుకుని నిలబడినవారు: మా తాతయ్య.
మరమ్మతు చేసినవారు: మా నాయనమ్మ. గుర్తు, మూడు చుక్కలు, వంకర గీత.
మాటు ఇప్పటికీ గట్టిగానే ఉంది."

మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఈసారి నిజంగానే అడుగుతున్నాను.

నీ అగ్గిపుల్ల